శుక్రవారం కట్ట

ఆరో మడి సగానికి వచ్చేసరికి మోరిసెట్ వేళ్లు మొద్దుబారాయి. జనవరి నెలలో అది మామూలే. చేతులు నీళ్లలో ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది. ఊట నీళ్లకి ఎండాకాలం లేదు, చలికాలం లేదు, ఏడాది పొడుగునా ఒకటే వెచ్చన. చేతులు పైకి తీసి కట్ట కట్టేటప్పుడే గాలి పట్టుకుని కొరుకుతుంది.

మడికి అడ్డంగా వేసిన పలక మీద మోకాళ్లూని ఆమె వంగి ఉంది. తొడల దాకా రబ్బరు బూట్లు, పైన రబ్బరు గుడ్డ, తలకి ఉన్ని టోపీ. ఎడమ చేత్తో గుప్పెడు క్రెసన్ కూర ఒడిసి పట్టుకోవడం, కుడి చేతిలో వంకీ కత్తితో నీటి మట్టానికి కొయ్యడం, కాడలు తొడ మీద ఒకసారి తట్టి సమం చెయ్యడం, పట్టీ చుట్టి బిగించడం, పెట్టెలో ఆకులు బయటివైపుకి వచ్చేలా పేర్చడం. నలభై ఏడేళ్లుగా అదే వరస. మధ్యలో ఎవరైనా పలకరిస్తే నోరు జవాబిస్తుంది గాని చేతులు ఆగవు. గోళ్ల చుట్టూ చర్మం ఆకుపచ్చగా మారి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. ఎంత రుద్దినా పోదు.

కట్టకి చుట్టే పట్టీ మీద చీటీ ఉంటుంది. దాని మీద మడుల యజమాని పేరు, నీళ్లు పరీక్ష చేసినట్టు ఒక నంబరు, అన్నిటికంటే కింద పెద్ద అక్షరాల్లో ఊరి పేరు, వివ్రే. ఆ చీటీ లేని కట్టని బజారులో ఎవరూ ముట్టుకోరు. క్రెసన్ నీళ్లలో పెరిగే కూర, పచ్చిగా తినే కూర. గొర్రెలు మేసే పచ్చికల మీదుగా వచ్చిన నీళ్లు తాగిందంటే కాలేయాన్ని తొలిచే పురుగు దానితోపాటు మనిషి కడుపులోకి వెళుతుంది. అందుకని ఏ నీళ్లు తాగిందో చెప్పే చీటీ లేకపోతే ఎంత నవనవలాడే కట్టయినా చెత్తబుట్టకే.

మడుల అవతల రైలు కట్ట మీద బండి దడదడమంటూ పారిస్ వైపు వెళ్లింది. ఒకప్పుడు ఆ కట్ట దాకా ముప్పై మడులు ఉండేవి. ఇప్పుడు పదకొండు. మిగతావాటిలో రెల్లు మొలిచింది. అవతల ఎనిమిది అంతస్తుల ఇళ్లు, వాటి పక్కన పెద్ద దుకాణం వాళ్ల ఎర్ర బోర్డు. ఆ ఇళ్లలోవాళ్లు పొద్దున్నే రైలెక్కి పోతారు, చీకటిపడ్డాక వస్తారు. కిటికీలోంచి చూసి, కింద ఎవరో ఒకావిడ నీళ్లలో వంగుని ఏదో పోగొట్టుకున్నట్టు వెతుక్కుంటోంది అనుకుంటారు కాబోలు.

"అక్కా, ఇవాళ శుక్రవారం," అంది పక్క మడిలోంచి దెల్ఫీనా. "నీ పెళ్లికొడుకు కట్ట పక్కన పెట్టావా?"

"పెట్టాను. నీ నోరు కూడా కాస్త పక్కన పెట్టు."

"పెద్దాకులన్నీ ఆయనకేనా? నేను పదిహేనేళ్లుగా నీ పక్కన వంగుతున్నాను. నాకెప్పుడైనా ఏరి పెట్టావా?"

దెల్ఫీనా పోర్చుగల్ నుంచి వచ్చిన మనిషి. నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతుంటే ఆమె చుట్టూ నీళ్లు కూడా కదులుతాయి. మోరిసెట్ నవ్వలేదు గాని, ఊట నోటి దగ్గర కోసి గట్టు మీద విడిగా పెట్టిన కట్టవైపు ఒకసారి చూసింది. శుక్రవారం కట్ట ఎప్పుడూ ఊట నోటి దగ్గరిదే. అక్కడి ఆకు ముదురు రంగులో, మందంగా ఉంటుంది. నమిలితే ఆవపిండిలా ముక్కుకెక్కుతుంది.

ఆ కట్ట అర్మాన్ మేష్టారికి. ఊరి బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన మనిషి. ఆ తర్వాత ఊరి చరిత్ర తవ్వుకుంటూ కూర్చున్నాడు. ముఖ్యంగా ఊరి పేరు. వివ్రే అంటే పాత మాటలో బతికున్న నీళ్లని అర్థం. ఎనిమిది వందల ఏళ్ల కిందట మఠంవాళ్లు రాసిన తోలు పత్రం ఒకటి ఉంది. ఎన్నడూ ఎండని ఊట చుట్టూ జనం ఇళ్లు కట్టుకున్నారనీ, ఆ ఊట వల్లనే ఊరికి ఈ పేరు వచ్చిందనీ అందులో ఉంది. ఏ ఊట అన్నది మాత్రం లేదు. ఊళ్లో ఊటలు రెండు. ఒకటి గుట్ట మీద పాత కోట తోటలో, రాతి సింహం నోట్లోంచి వచ్చేది. రెండోది కింద, ఈ మడులకి నీళ్లు పెట్టేది.

మేష్టారు మొదటిసారి మడుల దగ్గరికి వచ్చినప్పుడు ఆమె భర్త ఒక్టావ్ పోయి ఏడాది అయింది. ఊట గురించి అడగడానికి ఇంటికి వచ్చి, పెన్సిలు కోసం బల్ల సొరుగు లాగాడు. సొరుగు నిండా విప్పని ఉత్తరాలు. పింఛను ఆఫీసువి, కరెంటువాళ్లవి, ఆసుపత్రివి. ఆయన సొరుగు మెల్లగా మూసేశాడు. నవ్వలేదు.

మోరిసెట్ పడవ మీద పుట్టిన పిల్ల. తండ్రి నది మీద ఇసుక మోసే పడవ నడిపేవాడు. ఒక ఊళ్లో వారం, ఇంకో ఊళ్లో మూడు రోజులు. బడిలో పేరు రాయించేలోపు లంగరు ఎత్తేవారు. పంతొమ్మిదో ఏట ఒక్క కోతకాలం పని చేసిపోదామని వివ్రేలో దిగింది. పలక మీద మోకాలు ఎలా ఆనించాలో ఒక్టావ్ చూపించాడు. అంతే, మళ్లీ పడవ ఎక్కలేదు. అక్షరాలు రావన్న సంగతి ఒక్టావ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరైనా కాగితం చూపిస్తే కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానంటూ నలభై ఏళ్లు గడిపింది. కళ్లజోడు జేబులోనే ఉండేది.

ఆ రోజు మేష్టారు ఆమె రబ్బరు గుడ్డ జేబులోంచి వేలాడుతున్న చీటీ ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. కింద ఉన్న పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాడు. లక్షలసార్లు కట్టిన చీటీ. ఆ ఆకారం ఆమె కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

"మా ఊరు," అంది.

"అయితే మీకు అయిదు అక్షరాలు వచ్చేసినట్టే మోరిసెట్ గారూ. ఇంకో ఇరవై చిల్లర ఉన్నాయి, అంతే."

అప్పటినుంచి ఏడేళ్లుగా ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆమె కట్ట తీసుకుని ఆయనింటికి వెళుతుంది. ఆయన కాఫీ కాస్తాడు. ఒక గంట ఆమె చదువుతుంది, ఒక గంట ఊట గురించి చెబుతుంది. ఆయన బూడిద రంగు అట్ట ఉన్న పుస్తకంలో రాసుకుంటాడు. మీ ఊటే మోరిసెట్ గారూ, ఊరికి పేరు పెట్టింది మీ ఊటే, పందెం కాస్తాను అనేవాడు. ఆ మాట విన్న రోజున ఆమె గుట్ట దిగుతూ ఎదురొచ్చినవాళ్లందరినీ ముందుగా తనే పలకరించేది.

పోయిన శుక్రవారమైతే ఆయన రెండోసారి కూడా కాఫీ కాచాడు. ఉల్లిపాయల పులుసు ఎలా చెయ్యాలో ఉన్న పేజీ ఒకటి ఇచ్చి మొత్తం చదివించాడు. ఒక్క తప్పు కూడా లేదని మెచ్చుకున్నాడు. ఆమె ఇంటికి వచ్చేసరికి బాగా చీకటిపడింది.

తొమ్మిదిన్నరకి ఇద్దరూ గుడిసెలోకి వెళ్లారు. రొట్టె, చల్లటి పంది మాంసం ముద్ద, సీసాలో కాఫీ. దెల్ఫీనా చంకలోంచి పురపాలక పత్రిక తీసింది. నెలకోసారి అందరి ఉత్తరాల డబ్బాల్లోనూ వేసే రంగుల కాగితం.

"నీ డబ్బాలోది కూడా తెచ్చాను. చూడు, నీ మేష్టారు బొమ్మ. మేయరు భుజం మీద చెయ్యేశాడు. టై చూశావా, దాని ముడి ఎవరు వేశారంటావు?"

మోరిసెట్ కళ్లజోడు పెట్టుకుంది. బొమ్మలో మేష్టారు మేయరు పక్కన నిలబడి, చేతిలో ఒక పుస్తకం పట్టుకుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ల రాత. ముగ్గురు ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఇప్పుడు పురపాలక కార్యాలయమే అచ్చు వేయించిందట, రేపు శనివారం సభ. ఆమెకి సంతోషం వేసింది. తనకి ముందే చెప్పలేదేమా అనిపించింది గాని, ఇవాళ సాయంత్రం చెబుతాడులే అనుకుంది.

"నేను చదవనా?" అంది దెల్ఫీనా.

"వద్దు. నాకొచ్చు."

వేలు అక్షరాల కింద పెట్టుకుని మెల్లగా, పైకే చదివింది. మొదట మేయరు మాటలు. ఊరికి కొత్త ఇళ్లు కావాలి. పాత జాగాల్ని కాపాడే సంఘం కింది మడుల సంగతి విచారించింది. ఊరి పేరు ఆ ఊట వల్లనే వచ్చిందని తేలితే దాన్ని ముట్టుకోవడానికి వీలుండేది కాదు. అలా తేలలేదు. మార్చి నెలలో పూడ్చడం మొదలుపెడతారు. నూట నలభై ఇళ్లు, కింద కార్లకి చోటు.

దెల్ఫీనా రొట్టె నమలడం ఆపింది.

తర్వాత చుట్టూ గీత గీసిన గడిలో మేష్టారి రాత ఉంది. మోరిసెట్ వేలు అక్కడికి జరిగింది. ఆమె గొంతు బడిపిల్ల గొంతులా, ఎత్తుపల్లాలు లేకుండా సాగింది.

"కింది ఊట వెయ్యి తొమ్మిది వందల డెబ్భై ఆరు వేసవిలో ఎండలకు తట్టుకోలేకపోయింది. మడులలో ఆనాటికే పనిచేస్తున్న ఒక వృద్ధురాలు, ఏటి నీటిని రహస్యంగా మడులలోకి మళ్లించినట్టు ఈ రచయితకు స్వయంగా తెలియజేసింది. కనుక ఎన్నడూ ఎండని ఊట అని పత్రంలో చెప్పినది కోట ఊటయే అని నిర్ణయించవచ్చు."

చివరి మాట చదివాక కూడా వేలు అక్కడే ఉంది.

"ఏటి నీళ్లా?" అంది దెల్ఫీనా. నవ్వు లేదు. "ఈ కూర నా పిల్లలకి పెట్టాను అక్కా."

"నువ్వు రావడానికి పాతికేళ్ల ముందు సంగతి అది. తొమ్మిది రోజులు. ఒక్కసారే."

"చదివినవాళ్లకి ఏ ఏడాదో కనిపిస్తుందా? ఏటి నీళ్లన్న మాట ఒక్కటే కనిపిస్తుంది."

మోరిసెట్ పత్రిక మడత పెట్టింది. మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది.

ఆ ఏడాది ఆకాశం మూడు నెలలు మబ్బు అన్నది ఎరగదు. పచ్చిక గడ్డంతా గోధుమ రంగుకి తిరిగింది. ఆగస్టు చివరికి ఊట వేలెడు ధార అయింది. ముప్పై మడులకి వేలెడు ధార ఏమూలకి. ఆకులు వాలిపోతుంటే యజమాని పెరోనె ఏటి తూము తెరవమన్నాడు. ఒక్టావ్ ఒప్పుకోలేదు. తెరిస్తే చీటీ లేకుండా పంపుదాం, కొన్నవాళ్లు కొంటారు అన్నాడు. చీటీ లేకుండా ఎవడు కొంటాడురా, ముప్పై మంది ఇంటికి పోవాలి అన్నాడు పెరోనె. చివరికి తెల్లారకముందే ఒక్టావే పార తీసుకుని వెళ్లి కాలవ తెగ్గొట్టాడు. తొమ్మిది రోజులు ఏటి నీళ్లు పారాయి. తొమ్మిది రోజులూ చీటీలు కట్టారు. ఎవరికైనా జబ్బు చేస్తే ముందు తనకే చెయ్యాలని ఒక్టావ్ రోజూ పొద్దున ఒక కట్ట పచ్చిది నమిలి మింగేవాడు. అతను తింటుంటే మోరిసెట్ ఎదురుగా కూర్చుని ఇంకో కట్ట తినేది. ఎవరికీ ఏమీ కాలేదు. పదో రోజు వాన పడింది.

ఆ తొమ్మిది రోజులూ ఒక్టావ్ ఇంకో పని కూడా చేశాడు. రోజూ ఊట నోటి దగ్గరి రాతి గూటిలో చెయ్యి పెట్టి చూసేవాడు. తోస్తోంది అనేవాడు. వేలెడైనా సరే, లోపలినుంచి తోస్తూనే ఉంది, ఆగలేదు. చచ్చిపోయే ముందు ఆసుపత్రిలో కూడా ఆ మాటే అన్నాడు. తప్పు మనది, ఊటది కాదు అన్నాడు.

ఇదంతా ఆమె ఒక్కరికే చెప్పింది. రెండేళ్ల కిందట, ఒక శుక్రవారం, ఒక్టావ్ చేతిరాత ఉన్న పాత కాగితం ఒకటి మొదటిసారి తనంతట తను చదువుకోగలిగిన రోజున. చెబుతుంటే మేష్టారు కలం పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కలం తీసుకున్నాడు. వేలెడు ధార అన్న చోట కింద గీత కూడా గీశాడు. ఆమె చూసింది.

"ఆఫీసులో రిజిస్టరు పెడతారు కదా అక్కా," అంది దెల్ఫీనా. గొంతు కొంచెం మెత్తబడింది. "ఇలాంటి పనులు మొదలుపెట్టేముందు. ఊళ్లోవాళ్లు ఎవరైనా వెళ్లి తమ మాట రాయొచ్చు. మా వీధిలో చెట్లు కొట్టేస్తామన్నప్పుడు నేనూ రాశాను, తప్పుల్తో రాశాను, అయినా తీసుకున్నారు. వెళ్లి రాసెయ్. నీకు ఇప్పుడు వచ్చుగా."

పదకొండింటికి బజారు బండి వచ్చింది. బండి నడిపే మార్సియాల్ రోజూ పెట్టెలు లెక్క చూడకుండా ఎక్కించేవాడు. ఇవాళ ఒక కట్ట తీసి వాసన చూశాడు.

"ఇవాళ్టిది ఏ నీళ్లు తాగింది మోరిసెట్?" అన్నాడు. సరదాకే అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి కట్ట గబగబా పెట్టెలో పెట్టేశాడు. సగం పెట్టెలే ఎక్కించాడు. మిగతావి సోమవారం చూద్దాం అన్నాడు.

మధ్యాహ్నమంతా ఆమె పని మానలేదు. సాయంత్రానికి మంచు గట్టిగా పడేలా ఉంది. పొడుగు కర్రకి బిగించిన పలక తీసుకుని, కొయ్యని మడుల్లో మొక్కల్ని జానెడేసి చొప్పున నీళ్లలోకి అదిమింది. నీళ్ల కింద ఉంటే ఆకు గడ్డకట్టదు. అదుముతూ రిజిస్టరులో రాయవలసిన మాట మనసులో కూర్చుకుంది. తప్పు మేము చేశాము. ఊట ఆగలేదు. నేను చూశాను. మూడు వాక్యాలు. మూడూ తనకి వచ్చిన మాటలే. ముందు మేష్టారికి చూపించి, తప్పులు దిద్దించుకుని, అక్కణ్నుంచి ఆఫీసుకి వెళ్లాలనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే చిరాకు వేసింది. అయినా ఆయన దగ్గరికే వెళ్లాలని ఉంది. ఆయన ఏదో చెబుతాడు. అచ్చువాళ్లు సగం కత్తిరించేశారు అంటాడు. అలా అంటే నమ్మేయడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

నాలుగింటికి కట్ట సంచిలో వేసుకుని గుట్ట ఎక్కింది. తలుపు ఎప్పటిలాగే దగ్గరగా వేసి ఉంది. లోపల పొయ్యి వెలుగుతోంది. మేష్టారు సన్నటి మనిషి. భుజాలు ముందుకి వంగి, చొక్కా చేతుల దగ్గర సిరా మరకలు. బల్ల మీద రోజూ ఉండే గిన్నెలు, కాగితాలు లేవు. తాడుతో కట్టిన పుస్తకాల కట్టలు ఉన్నాయి. పై పుస్తకం అట్ట మీద రాతి సింహం బొమ్మ. కింద పెద్ద అక్షరాలు. చీటీ మీద ఉండే అవే అక్షరాలు.

"రండి మోరిసెట్ గారూ. నీళ్లు మరుగుతున్నాయి."

ఆమె కోటు విప్పలేదు. "పత్రిక చదివాను," అంది.

"ఎంతవరకు?"

"చివరిదాకా. ఎవరి సాయం లేకుండా."

ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. పాఠం చెప్పినవాడికి కలిగే వెలుగు. ఆ వెంటనే ఏం చదివిందో గుర్తొచ్చి, కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు.

"మీ పేరు ఎక్కడా రాయలేదు," అన్నాడు.

"వివ్రే మడుల్లో ముసలిదాన్ని నేనొక్కదాన్నే మేష్టారూ."

ఆయన చాలా చెప్పాడు. ఇరవై రెండేళ్లు అన్నాడు. తను పోతే ఈ కాగితాలన్నీ చెత్తబండిలో పోయేవన్నాడు. మేయరు అచ్చు వేయిస్తానన్నాడనీ, కాకపోతే ఏ ఊటో తేల్చకుండా పుస్తకం ఎలా వేస్తామన్నాడనీ, తేల్చమని ఎవరూ బలవంతం చెయ్యలేదనీ, అయినా ఏ జవాబైతే పుస్తకం బయటికి వస్తుందో తనకి అర్థమైందనీ చెప్పాడు. ఆమె నిలబడే విన్నది.

"వేలెడు ధార సంగతి చెప్పాను. మీరు కింద గీత గీశారు."

"సంఘంవాళ్లకి వేలెడు ధార చాలదు మోరిసెట్ గారూ."

"ఆ ఏడాది కోట ఊట పారిందా?"

"కోటకి అప్పుడు తాళం వేసి ఉంది. లోపలికి ఎవరూ వెళ్లలేదు." ఆయన పుస్తకాల కట్టకున్న తాడు సవరించాడు. "ఎండినట్టు సాక్ష్యం లేదు."

"మేము రోజూ చెయ్యి పెట్టి చూశాం. అది మా ఊట చేసిన తప్పా?"

గిన్నెలో నీళ్లు పొంగి పొయ్యి మీద పడి చిటచిటలాడాయి. ఇద్దరూ లేవలేదు.

"ఒక్టావ్ ఆ కూర తిన్నాడని కూడా రాయలేదు," అంది ఆమె. తర్వాత, "సరే. నేను రిజిస్టరులో రాసుకుంటాను. మూడు వాక్యాలే. ఆఫీసు అయిదింటిదాకా ఉంటుంది."

మేష్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "రిజిస్టరు మూసేశారు."

"ఎప్పుడు?"

"పోయిన శుక్రవారం."

"ఎన్నింటికి?"

"అయిదింటికి."

ఆమెకి ఉల్లిపాయల పులుసు గుర్తొచ్చింది. ముందు ఉల్లిపాయలు సన్నగా తరుగు. వెన్న కరిగించు. సన్నటి మంట మీద కదుపుతూ ఉండు. ఒక్క తప్పు లేకుండా చదివింది. గోడ మీద గడియారం అయిదు కొట్టినప్పుడు ఆయన, ఇంకొక్క పేజీ చదవండి, ఇవాళ బాగా చదువుతున్నారు అన్నాడు.

"నన్ను ఆరింటిదాకా కూర్చోబెట్టారు," అంది.

ఆయన బల్ల మీదకి చూస్తూ ఉండిపోయాడు. కాదని అనలేదు.

మోరిసెట్ సంచిలోంచి కట్ట తీసింది. కోటు జేబులోంచి వంకీ కత్తి తీసింది. మేష్టారు తల ఎత్తాడు. ఆమె కత్తి మొన పట్టీ కిందికి దూర్చి ఒక్క లాగు లాగింది. పట్టీ తెగింది. చీటీని మడత పెట్టకుండా, చేత్తో చదును చేసి, కోటు లోపలి జేబులో పెట్టుకుంది. కట్టని బల్ల మీద, పుస్తకాల పక్కన ఉంచింది.

"చీటీ తీసేశారేం?" అన్నాడు ఆయన.

"ఏ నీళ్లు తాగిందో మీరు రాశారుగా."

తలుపు ఎప్పటిలాగే దగ్గరగా వేసి బయటికి వచ్చింది.

గుడిసెలో దెల్ఫీనా పెట్టెలు కడిగి బోర్లిస్తోంది. మోరిసెట్ రబ్బరు బూట్లు తిరగేసి, ఒక్టావ్ బూట్లు ఇన్నేళ్లుగా వేలాడుతున్న మేకు పక్క మేకుకి తగిలించింది. కోన్‌ఫ్లాన్ రేవులో తన చెల్లెలు జోసియాన్ కదలని పడవలో కాపురం ఉంటోందని, రమ్మని ఎప్పటినుంచో పిలుస్తోందని, అయిదూ నలభై బస్సుకి వెళుతున్నానని చెప్పింది. ఇల్లు యజమానులదే, అందులో తను తీసుకుపోవలసింది ఒక సంచిలో పట్టింది. సోమవారం వస్తావా అని దెల్ఫీనా అడగలేదు. మార్చి దాకా మడులు తనొక్కతే చూసుకోవాలని ఆమెకి అర్థమైంది.

"ఏదైనా చెప్పు అక్కా."

"రాసి పెట్టాను."

పెన్సిలుతో, చీటీల చుట్ట వెనకవైపు, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాతిగూడు తూము మూయకు. మంచు పడితే పలకతో అదుము. మొండి కత్తితో కొయ్యకు. దెల్ఫీనా అది చదువుతుంటే మోరిసెట్ బయటికి వెళ్లి, ఊట నోటి దగ్గర వంగి, గూటిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. లోపలినుంచి తోస్తోంది. కాసేపు అలాగే ఉంచి, చెయ్యి కోటుకి తుడుచుకుని, రైలు కట్ట కింది దారిన బస్సు దగ్గరికి నడిచింది. బస్సులో ముందు సీటు ఖాళీగా ఉంది. వీధి మలుపులో ఊరి పేరున్న బోర్డు కనబడితే చదవకుండా ఉండాలనుకుంది. కాని అక్షరాలు వచ్చాక చదవకుండా ఉండడం చేతకాదు.

శనివారం సభకి మేయరు వచ్చాడు, చప్పట్లు కొట్టారు, పుస్తకాలు పంచారు. మేష్టారు త్వరగా ఇంటికి వచ్చేశాడు. బల్ల మీది కూర కట్టని ఆయన తినలేదు, పారెయ్యలేదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి నిలబెట్టాడు. వారం గడిచింది. శుక్రవారం నాలుగింటికి తలుపు దగ్గరగా వేసి ఉంచాడు, కాఫీకి నీళ్లు పెట్టాడు. ఆకులు పసుపు రంగుకి తిరిగి ఒక్కొక్కటే బల్ల మీద రాలుతున్నాయి. కాడలు మాత్రం ఎవరూ పట్టుకోకపోయినా ఇంకా ఒకదాన్నొకటి ఆనుకునే ఉన్నాయి, నడుమ పట్టీ బిగించిన చోట సన్నటి నొక్కుతో.